పిల్లల థెరపీ సెంటర్లకు లైసెన్సు ఎవరిస్తారు, డబ్బు ఎవరిస్తారు?

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోనే కాదు, కరీంనగర్, రాజమహేంద్రవరం లాంటి ఊళ్లలోనూ అపార్ట్‌మెంట్ల గ్రౌండ్ ఫ్లోర్లలో ఒకే రకం బోర్డులు కనిపిస్తున్నాయి. ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం), మాటలు ఆలస్యం, ప్రవర్తన సమస్యలు, చదువులో వెనుకబాటు... అన్నిటికీ ఇక్కడే చికిత్స అని రాసి ఉంటుంది. లోపల రెండు మూడు గదులు, ఒక ఉయ్యాల, పెద్ద రబ్బరు బంతి, గోడలకు బొమ్మల చార్టులు. సెషన్ ముప్పావు గంట. పిల్లవాడిని లోపలికి తీసుకెళ్లి తలుపు వేసేస్తారు, తల్లి బయట కుర్చీలో కూర్చుంటుంది. అయ్యాక "ఈ రోజు బాగానే చేశాడండీ" అన్న ఒక్క మాట వస్తుంది. ఏం చేయించారు, చేయించినవాళ్లు ఏం చదువుకున్నారు, ఆరు నెలల్లో పిల్లవాడిలో ఏ మార్పు రావాలి అన్నవి ఏ కాగితం మీదా ఉండవు. ఫీజు మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

అన్ని సెంటర్లూ ఇలా ఉంటాయని కాదు. తల్లిని పక్కనే కూర్చోబెట్టుకుని ఇంట్లో ఏం చేయాలో నేర్పేవాళ్లు, మూడు నెలలకోసారి లక్ష్యాలు రాసి ఇచ్చేవాళ్లు, "ఈ పని మా వల్ల కాదు, ఫలానా డాక్టరు దగ్గరికి వెళ్లండి" అని నిజాయితీగా చెప్పేవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. ఈ రెండు రకాలనూ వేరు చేసి చూసుకునే దారి తల్లిదండ్రులకు లేకపోవడమే అసలు సమస్య.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక ఆరోగ్య సంస్థలన్నీ రిజిస్టర్ చేసుకోవాలి. అయితే, చట్టం దృష్టిలో అలాంటి సంస్థ అంటే రోగులను చేర్చుకుని ఉంచే చోటే. పొద్దున వచ్చి గంటలో ఇంటికి వెళ్లిపోయే పిల్లవాడిని చూసే క్లినిక్ ఆ నిర్వచనంలోకి రాదు. దీని వెనుక చరిత్ర ఉంది. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు చెలరేగినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకునే వీలు లేక కాలిపోయారు. అలాంటి ఘోరాలు చూసిన దేశంలో చట్టం కన్ను ముందుగా నాలుగు గోడల మధ్య బందీ అయిన రోగి మీద పడటం సహజమే. కానీ పిల్లల విషయంలో చికిత్స దాదాపు అంతా ఔట్‌పేషెంట్‌గానే జరుగుతుంది. అది చట్టం చూపుకు అందకుండా మిగిలిపోయింది.

మిగతా చట్టాలు లేవా అంటే ఉన్నాయి, ముక్కలు ముక్కలుగా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యం ఉన్నవారికి సేవలందించే సంస్థలు రిజిస్టర్ కావాలంటుంది. కానీ ఇంకా వైకల్య సర్టిఫికెట్ రాని మూడేళ్ల పిల్లవాడు, పరీక్షల టెన్షన్‌తో నిద్రపోని పదో తరగతి అమ్మాయి ఆ లెక్కలో ఎక్కడ? క్లినిక్‌ల రిజిస్ట్రేషన్‌కు తెలంగాణలో కేంద్ర చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి రాష్ట్ర చట్టం ఉన్నాయి. వాటి దృష్టంతా డాక్టరు, పడకలు, పరికరాల మీద. డాక్టరే లేని థెరపీ సెంటర్ ట్రేడ్ లైసెన్సుతోనో, సొసైటీ రిజిస్ట్రేషన్‌తోనో నడిచిపోతుంది. 1992 పునరావాస మండలి చట్టం ప్రకారం రిజిస్టర్ కాకుండా క్లినికల్ సైకాలజిస్టుగా, స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! చాలాచోట్ల ఒకటి రెండు సెషన్ల ఫీజు అది.

కౌన్సెలర్లు, ఆక్యుపేషనల్ థెరపిస్టుల (రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పేవాళ్ల) కోసం 2021లో పార్లమెంటు మరో చట్టం చేసింది. రాష్ట్రాలు వీళ్లను రిజిస్టర్ చేసే కౌన్సిళ్ల ఏర్పాటులో జాప్యం చేస్తుంటే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. ఈ ఖాళీలోకి ఎవరు వస్తారో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఆటిజానికి స్టెమ్ సెల్ (మూలకణ) చికిత్సను సిఫార్సు చేయలేమని, దాన్ని ప్రచారం చేసుకోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని జాతీయ వైద్య కమిషన్ బోర్డు 2022లోనే స్పష్టం చేసింది. ఆ మాట చెప్పాల్సిన అవసరం వచ్చిందంటే, అప్పటికే ఎన్ని కుటుంబాలు బంగారం కుదువపెట్టి లక్షలు పోశాయో ఊహించుకోవచ్చు.

ఇక డబ్బు సంగతి. లైసెన్సు కన్నా ఇదే పెద్ద చిక్కు. ఆయుష్మాన్ భారత్ ఆస్పత్రిలో చేరితేనే డబ్బు ఇస్తుంది. మానసిక వ్యాధులనూ శారీరక వ్యాధులతో సమానంగా చూడాలని 2017 చట్టం బీమా కంపెనీలకు చెప్పినా, మామూలు పాలసీల్లో ఔట్‌పేషెంట్ ఖర్చుకే చోటు లేనప్పుడు ఆ సమానత్వం పిల్లల థెరపీకి అక్కరకు రాదు. జాతీయ ట్రస్టు నడిపే నిరామయ బీమా పథకం లక్ష రూపాయల దాకా ఇస్తుంది, థెరపీకీ వర్తిస్తుంది. కానీ అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలకే. డిప్రెషన్, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు అదీ లేదు.

ప్రభుత్వ సెంటర్లు పేరుకు ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాకో సత్వర చికిత్స కేంద్రం ఉండాలి. పిల్లల డాక్టరు, సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, ఫిజియోథెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ అందరూ ఒకే చోట, పైసా ఖర్చు లేకుండా. కాగితం మీద ఇంతకన్నా మంచి ఏర్పాటు మరొకటి లేదని నా నమ్మకం. కాంట్రాక్టు జీతానికి స్పీచ్ థెరపిస్టు దొరకక, దొరికినా నిలవక ఆ నమ్మకం జిల్లాల్లో నీరుగారిపోతోంది. నెలకు ఎనిమిదీ పన్నెండూ సెషన్లు కావాల్సిన పిల్లవాడికి నెలకు రెండు దొరికితే తల్లి ఏం చేస్తుంది? అప్పు చేసి ఆ గ్రౌండ్ ఫ్లోర్ సెంటర్‌కే వెళుతుంది.

దీనికి పరిష్కారం ఎక్కడో వెతకనక్కర్లేదు. ఆరోగ్యశ్రీలోనే ఉంది. పుట్టుచెవుడు ఉన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి లోపల వినికిడి పరికరం అమర్చే) ఆపరేషన్‌ను ఆ పథకంలో చేర్చినప్పుడు, ఆపరేషన్‌తో చేతులు దులిపేసుకోలేదు. ఆ తర్వాత పిల్లవాడు వినడం, మాట్లాడటం నేర్చుకునే థెరపీకీ విడతలవారీగా ప్యాకేజీ పెట్టారు. పిల్లవాడు పడక మీద లేడు. వారం వారం వచ్చి వెళుతున్నాడు. అయినా ఆరోగ్యశ్రీ ట్రస్టు డబ్బు ఇచ్చింది, అదీ గుర్తింపు ఉన్న చోట జరిగిన థెరపీకి. అంటే ఔట్‌పేషెంట్ థెరపీకి ప్రజాధనం ఇవ్వడం, దానికి గుర్తింపును షరతుగా పెట్టడం మన రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలకు కొత్త కాదు. చెవి వినపడని పిల్లవాడికి చేసింది, మాట రాని ఆటిజం పిల్లవాడికి చేయకపోవడానికి కారణం నాకైతే కనిపించడం లేదు.

అయితే డబ్బు ముందు, లైసెన్సు తర్వాత అనుకుంటే ఏమవుతుందో అమెరికాలోని మిన్నెసోటా చూపించింది. అక్కడ ఆటిజం సెంటర్లకు మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) నిధులు ధారాళంగా అందాయి, లైసెన్సు మాత్రం అక్కర్లేదు. చెప్పిన సేవలు ఇవ్వకుండానే బిల్లులు పెట్టారన్న ఆరోపణలపై 2024 డిసెంబరులో ఎఫ్‌బీఐ సోదాలు చేసింది. ఆ తర్వాత 2025లో రాష్ట్రం తాత్కాలిక లైసెన్సులు తెచ్చింది. ఈలోగా నిజాయితీగా పనిచేసే సెంటర్లూ అనుమానపు చూపులు మోయాల్సి వచ్చింది.

తిరగేసి లైసెన్సు ఒక్కటే తెచ్చి డబ్బు ఇవ్వకపోయినా నష్టమే. మహబూబ్‌నగర్‌లోనో, శ్రీకాకుళంలోనో ఒక్క స్పీచ్ థెరపిస్టు పెట్టుకున్న చిన్న సెంటర్ ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి), పార్కింగ్, గదుల కొలతల దగ్గరే మూతపడుతుంది. నగరంలోని కార్పొరేట్ చైన్లు మిగులుతాయి. అందుకే లైసెన్సులో చదరపు అడుగుల కన్నా ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి: పనిచేసేవాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీద ఉందా, ప్రతి పిల్లవాడికీ రాతపూర్వక ప్రణాళిక ఉందా, సెషన్ గదిలోకి తల్లిదండ్రులు చూసే వీలుందా, పిల్లవాడిపై చేయి చేసుకుంటే ఫిర్యాదు ఎవరికి చేయాలో రాసి ఉందా. ఆ నాలుగూ ఉన్న సెంటర్‌కు సెషన్‌కు ఇంత అని ట్రస్టు చెల్లించాలి. చిన్న ఊళ్లలోని సెంటర్లకు కాస్త ఎక్కువే ఇవ్వాలి.

బడి పిల్లల మాట కూడా. 2023లో విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. చాలా అవసరమైన తీర్పు. కానీ కాలేజీ కౌన్సెలర్ ఒక పిల్లను గుర్తించి "డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి" అంటే, మన జిల్లాల్లో ఎక్కడికి తీసుకెళ్లాలి? పెద్దల మానసిక వైద్యం కోసం ఎర్రగడ్డ, చినవాల్తేరు పేర్లు అందరికీ తెలుసు. పిల్లల సైకియాట్రీ కోసం ఇప్పటికీ బెంగళూరు నిమ్హాన్స్‌కు రైలెక్కే కుటుంబాలు ఉన్నాయి.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ లేవు.

2017 చట్టంలోని 18వ సెక్షన్ పిల్లల మానసిక ఆరోగ్య సేవలను ప్రభుత్వం అందించాల్సిన వాటిలో చేర్చింది. జిల్లాలో కనీస సేవలు లేకపోతే, ఆ జిల్లాలోనే మరోచోట చేయించుకున్న చికిత్స ఖర్చు ప్రభుత్వమే భరించాలంది. మానసిక వైద్య నిపుణుల సంఖ్యను పదేళ్లలో అంతర్జాతీయ ప్రమాణాలకు తెచ్చే ప్రయత్నం చేయాలని అదే చట్టంలోని 31వ సెక్షన్ చెప్పింది. చట్టం 2018 మేలో అమల్లోకి వచ్చింది కాబట్టి ఆ పదేళ్లు 2028 మేతో ముగుస్తాయి. రెండు ప్రభుత్వాలూ ఇప్పుడే చేయగలిగిన పని ఒకటుంది. సత్వర చికిత్స కేంద్రాల్లో ఏ జిల్లాలో ఏ పోస్టు ఖాళీగా ఉందో, ఏ ప్రైవేటు సెంటర్లో అర్హత గలవాళ్లు ఉన్నారో జిల్లాలవారీగా వెబ్‌సైట్‌లో పెట్టాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.