సెట్టుకు డబ్బులు తర్వాత, ముందు హాలు తాళం ఇవ్వండి

ఊరూరా తిరిగే చిన్న నాటక బృందాల మాట రాగానే చాలామంది గొంతులో జాలి వచ్చి చేరుతుంది. పాపం, ఉన్నదే ఆరుగురట, ఒక పాత వ్యానట, నాటకాలు కూడా సొంతంగానే రాసుకుంటారట, కమ్యూనిటీ హాళ్లలో వేసుకుంటూ తిరుగుతున్నారట, ఏదో ఒక సాయం చేయాలండీ అంటారు. ఈ జాలి నాకు నచ్చదు. పెద్ద ఆడిటోరియం దొరక్క వీళ్లు చిన్న హాలుతో సరిపెట్టుకున్నారని అనుకోవడంలోనే లెక్క తప్పుతోంది. అసలు కొత్త నాటకం తయారయ్యేదే అక్కడ.

ఆ హాలు ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. తెర ఉండదు, గ్రీన్ రూమ్ ఉండదు, బీరువా వెనక నిలబడి మేకప్ వేసుకోవాలి. ట్యూబ్ లైట్లు ఆర్పితే ఏమీ కనబడదు, వేస్తే ఆస్పత్రి వార్డులా ఉంటుంది. ఫ్యాన్లు తిరుగుతుంటే డైలాగు వినబడదు, ఆపేస్తే ఐదు నిమిషాల్లో ముందు వరసవాళ్లు చేతిలో ఉన్న కాగితంతో విసురుకోవడం మొదలుపెడతారు. ఏడుపు సీను నడుస్తుండగా ఎవరో ప్లాస్టిక్ కుర్చీ ఒక్క జరుపు జరుపుతారు, అంతే, ఆ కీచుమనే చప్పుడు ముందు నటి ఏడుపు ఎటో పోతుంది. ఒక పిల్లాడు నటుల మధ్యలోంచే నింపాదిగా నడిచి వెళ్లి అవతల వాళ్లమ్మ ఒళ్లో కూర్చుంటాడు.

ఇదంతా ఇబ్బందే, కాదనను. కానీ నాటక రచయితకు ఇంతకంటే మంచి బడి ఎక్కడుంది? ఆడిటోరియంలో బోరు కొట్టినవాడు చీకట్లో మర్యాదగా ఫోన్ చూసుకుంటాడు, చివర్లో చప్పట్లు కూడా కొడతాడు. ఇక్కడ లేచి వెళ్లిపోతాడు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ రచయితకు తన స్క్రిప్టు ఏ పేజీలో నీరసపడిందో ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. రాత్రి వ్యాన్‌లో ఆ పేజీ కొట్టేస్తారు, మర్నాడు ఇంకో హాల్లో కొత్త సీను పడుతుంది. వందేళ్లుగా ఆడుతున్న నాటకానికి ఈ పరీక్ష ఎప్పుడో అయిపోయింది, కొత్తదానికి కావాలి. రెండు నెలలు రిహార్సల్ చేసి, పెద్ద స్టేజీ మీద రెండు షోలు వేసి, అలమారులోకి వెళ్లిపోయే కొత్త నాటకాలున్నాయే, అవి నిజానికి మొదటి డ్రాఫ్టు దగ్గరే ఆగిపోయినవి.

బ్రెజిల్ నాటకకర్త అగస్తో బోల్ స్వయంగా చెప్పుకున్న సంగతి ఒకటుంది. పెరూలో ఒక ప్రదర్శన జరుగుతుంటే, కథలో భార్య ఏం చేయాలో ప్రేక్షకుల్లోని ఒకావిడ చెప్పింది. నటి చేసి చూపించింది. అది కాదంది. మళ్లీ చేసింది. అదీ కాదంది. చివరికి బోల్ విసుగొచ్చి, అయితే నువ్వే వచ్చి చేసి చూపించమన్నాడు. ఆవిడ నిజంగానే వచ్చి, చీపురు అందుకుని, భర్త వేషం వేసిన నటుడికి గట్టిగానే తగిలించింది. ప్రేక్షకులే రంగంలోకి దిగి కథను మార్చే ఫోరం థియేటర్ అన్న పద్ధతికి బీజం అక్కడే పడిందంటాడు బోల్. ప్రేక్షకురాలికీ నటుడికీ మధ్య నాలుగడుగుల ఎత్తు స్టేజీ ఉంటే ఆవిడ ఆ చీపురు అందుకునేదా?

చిన్న బృందాల్లో నాణ్యత ఉండదు, ఉపన్యాసాలు ఎక్కువ, ఆ డబ్బేదో పెట్టి ఒక మంచి థియేటర్ కట్టి జనాన్నే అక్కడికి రప్పిస్తే పోలేదా అనేవాళ్లున్నారు. ఉపన్యాసాల మాట నిజమే, నేనూ కొన్నిటికి బలయ్యాను. కానీ చెత్త నాటకాలు పెద్ద థియేటర్లలోనూ ఆడతాయి, కాకపోతే లైటింగ్ బాగుంటుంది.

ఇక సెట్టు అంటారా, 1973లో స్కాట్లాండ్‌లో 7:84 అనే బృందం హైలాండ్స్ అనే కొండ ప్రాంతపు పల్లెల్లోని హాళ్లలో జాన్ మెక్‌గ్రాత్ రాసిన కొత్త నాటకం వేసుకుంటూ తిరిగింది. బ్రిటన్ జనాభాలో 7 శాతం మంది చేతిలో 84 శాతం సంపద ఉందన్న లెక్కను పేరుగా పెట్టుకున్నవాళ్లు. వాళ్ల సెట్టు ఏమిటంటే, పేజీ తిప్పితే సీను మారిపోయే ఒక పెద్ద బొమ్మల పుస్తకం. కథేమో అక్కడి రైతుల తాతలను భూముల్లోంచి వెళ్లగొట్టడం దగ్గర మొదలై, ఆ ఏళ్లలోనే తీరంలో బయటపడ్డ చమురు దాకా వస్తుంది. అంటే కూర్చున్నవాళ్ల కథ, కూర్చున్నవాళ్ల హాల్లోనే. నాటకం అయ్యాక కుర్చీలు పక్కకు జరిపి అదే హాల్లో డాన్సు. మన దేశంలో బెంగాలీ నాటక రచయిత బాదల్ సర్కార్ కూడా 1970లలో స్టేజీ దిగి గదుల్లోకీ మైదానాల్లోకీ వచ్చింది ముఖ్యంగా ఈ దగ్గరితనం కోసమే, సెట్టుకు డబ్బుల్లేక కాదు.

అసలు నా బాధ నాటకం గురించి మాత్రమే కాదు. జనం డబ్బుతో కట్టిన హాళ్లకు రోజులో ఎక్కువసేపు తాళాలే వేలాడుతుంటాయి. పైసా ఖర్చు లేకుండా పదిమంది ఒకచోట కూర్చోగలిగే జాగాలు తగ్గిపోతున్నాయి. ఎక్కడ కూర్చోవాలన్నా ఏదో ఒకటి కొనాలి, లేదా ఎవరినో బతిమాలాలి. అందుకే సాయం అనగానే చెక్కు రాసివ్వడం గురించి మాట్లాడేవాళ్లను నేనడిగేది చిన్నది: సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా, అద్దె లేకుండా, తాళంచెవి ఇవ్వండి. కుర్చీలు వాళ్లే సర్దుకుంటారు, ఊడ్చి మరీ వెళ్తారు.

హాలు బుకింగ్ ఫారం ఒకటి ఈ మధ్య నా చేతికొచ్చింది. కార్యక్రమం ఏమిటో టిక్కు పెట్టాలి. పెళ్లి, పుట్టినరోజు, సమావేశం, అమ్మకాల ప్రదర్శన, ఇతరములు. నాటకం ఇతరముల్లోకి వస్తుంది. దానికి అద్దె పెళ్లితో సమానం, పైగా వారం ముందు స్క్రిప్టు కాపీ ఇవ్వాలట.