ఫోన్ కొనాలంటే ముందు ఫోన్ ఉండాలా?

ఫోన్ షాపుకి రావాలన్నా ముందు స్లాట్ బుక్ చేసుకునే రావాలి అని రూల్ పెడితే బాగుంటుందనే మాట, కొత్త మోడల్ దిగిన ప్రతిసారీ వినబడుతూనే ఉంది. మా మాట ముందే చెప్పేస్తున్నాం, తప్పనిసరి మాత్రం చెయ్యొద్దు. కావాలన్నోళ్లకి స్లాట్ ఇవ్వండి, ఎవరొద్దన్నారు, కానీ స్లాట్ లేదని గుమ్మం దగ్గర్నుంచి మనిషిని తిప్పి పంపడం మాత్రం మాకు నచ్చదు.

స్లాట్ అడిగేవాళ్ల బాధ అర్థం కాక కాదు. 2025 సెప్టెంబర్ 19న ఐఫోన్ 17 అమ్మకాలు మొదలైన రోజు ముంబై బీకేసీలో యాపిల్ స్టోర్ ముందు జనం తోసుకుని తోసుకుని కొట్టుకునే దాకా వెళ్లారు, సెక్యూరిటీ వాళ్లు మధ్యలో దూరి విడదియ్యాల్సొచ్చింది. అదే కంపెనీ 2015 ఏప్రిల్‌లో వాచ్ తెచ్చినప్పుడు, అపాయింట్‌మెంట్ తీసుకునొచ్చి చేతికి పెట్టి చూసుకోండి, ఆర్డర్ మాత్రం ఆన్‌లైన్‌లో ఇవ్వండి అంది. కరోనా టైంలో అమెరికాలో బెస్ట్ బై అనే ఎలక్ట్రానిక్స్ షాపులు 2020 మేలో అపాయింట్‌మెంట్ ఉన్నోళ్లని లోపలికి పిలిచాయి, జూన్‌కల్లా చాలాచోట్ల మామూలుగానే తలుపులు తెరిచేశాయి. జ్వరం తగ్గాక కూడా పథ్యం తింటూ కూర్చోం కదా.

మొన్న శనివారం సాయంత్రం ఓ మొబైల్ షాపులో కాసేపు నిలబడి చూశాం. ఓ తాపీ మేస్త్రి వచ్చాడు, ఆయన ఫోన్ పొద్దున పనిలో నీళ్ల తొట్టిలో పడి చచ్చిపోయిందట. సిమ్ముని సిగరెట్ పెట్టెలో వచ్చే వెండి కాగితంలో మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు, ఆ రోజే బట్వాడా కాబట్టి డబ్బులూ అదే జేబులో ఉన్నాయి. పదివేల లోపు చూపించు తమ్ముడూ, బ్యాటరీ ఆగాలి, సౌండ్ గట్టిగా రావాలి అన్నాడు. రెండు ఫోన్లు చెవి దగ్గర పెట్టుకుని రింగ్‌టోన్ విన్నాడు, టెంపర్డ్ గ్లాసు ఫ్రీగా వేస్తావా లేదా అని ఐదు నిమిషాలు బేరమాడాడు, సిమ్ము వేయించుకుని అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. అంతా కలిపి అరగంట కూడా పట్టలేదు. ఇప్పుడు ఈయన్ని స్లాట్ బుక్ చేసుకుని రమ్మంటే దేంట్లో చేస్తాడు? ఓటీపీ ఎక్కడికొస్తుంది, తొట్టిలో పడ్డ ఫోన్‌కా? ఫోన్ అందరికన్నా అర్జెంటుగా కావాల్సింది ఫోన్ లేనోడికే, ఆటో యాప్ మీద బతికే డ్రైవర్‌కైనా, డెలివరీ కుర్రాడికైనా ఫోన్ పోయిందంటే ఆ రోజు కూలి పోయినట్టే.

ఈ సినిమా మనం ఒకసారి చూశాం కూడా. 2021 మే 1 నుంచి 18 దాటినవాళ్లకి కరోనా టీకా అన్నారు, కోవిన్ అనే సర్కారీ వెబ్‌సైట్‌లో స్లాట్ ఉంటేనే అన్నారు. కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లు అలర్టులు పెట్టుకుని సెకన్లలో పట్టేశారు, స్మార్ట్‌ఫోన్ లేనోళ్లు చూస్తూ ఉండిపోయారు, చివరికి మే 24న సర్కారే దిగొచ్చి సర్కారీ సెంటర్లలో అక్కడికక్కడే పేరు రాయించుకోవచ్చు అంది. టీకాకే చెల్లని పద్ధతి ఫోన్‌కి ఎందుకు?

ఫోన్లకి కూడా కొత్తేం కాదు. 2014లో షావోమీ ఫోన్లు మన దేశానికి వచ్చినప్పుడు ముందు ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి, ఆ తర్వాత మధ్యాహ్నం సేల్ తెరిచేదాకా రిఫ్రెష్ కొడుతూ కూర్చోవాలి, బటన్ నొక్కేలోపు అవుట్ ఆఫ్ స్టాక్. ఆ టైంలో ఆఫీసుల్లో పని ఎవరు చేశారో మాకైతే తెలీదు (మా ఆఫీసులో ఎవరూ చెయ్యలేదు).

ఇంకో సంగతి, మన దగ్గర ఫోన్ ఒక్కరే వెళ్లి కొనరు. పిల్లకి కాలేజీ సీటొచ్చిందంటే అమ్మ, నాన్న, బాబాయి, పక్కింటి తెలిసినబ్బాయి అంతా కలిసి వెళ్తారు, మూడు షాపులు తిరుగుతారు, కలర్ నచ్చక బయటికొచ్చి మళ్లీ మొదటి షాపుకే పోతారు. ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి స్లాట్ ఇచ్చారనుకోండి, రాహుకాలం అని ఇంట్లో పెద్దావిడ కదలనివ్వదు.

షాపుల వాళ్లకి ఇందులో లాభం లేకపోలేదు. స్టాఫ్‌ని తగ్గించుకోవచ్చు, బుకింగ్ పేరుతో నంబర్ తీసుకుని ఆ తర్వాత ఆఫర్లంటూ ఏడాది పొడుగునా కాల్స్ చెయ్యొచ్చు. అందుకే అడుగుతున్నాం, కొనేముందు నంబర్ ఎందుకివ్వాలి?

స్లాట్ పనికొచ్చే చోట్లు ఉన్నాయి. సర్వీస్ సెంటర్లో రిపేర్‌కి ఇవ్వండి, గంటలకొద్దీ కుర్చీలో కూర్చునే బాధ తప్పుతుంది. పాత ఫోన్లోంచి కొత్తదాంట్లోకి ఫొటోలు ఎక్కించాలన్నా, ఈఎంఐ కాగితాలు పూర్తిచెయ్యాలన్నా ఇవ్వండి. లాంచ్ రోజు మాత్రం టోకెన్లు పెట్టండి, సగం ఆన్‌లైన్లో, సగం కౌంటర్ దగ్గర. ముందురోజు సాయంత్రమే ఎన్ని పీసులొచ్చాయో షట్టర్ మీద కాగితం అంటించండి, నలభై వస్తే నలభయ్యొకటో మనిషి రాత్రంతా ఫుట్‌పాత్ మీద పడుకోకుండా ఇంటికి పోతాడు.