కానుక డబ్బాకు ఉన్న పట్టింపు సిప్‌కు లేదా?

మొన్న ఆదివారం పూజ అయ్యాక మా క్యాథలిక్ గుడి వరండాలోనే మా బావమరిదితో గొడవ పడ్డాను. వాడు ఒడిశా రాయగడలో మ్యూచువల్ ఫండ్లు కట్టిస్తుంటాడు. ఫండులో నెలనెలా కట్టే నా సిప్ డబ్బు ఎక్కడికి పోతోందో చూపించమంటే ఫోన్ తీశాడు. మొదటి పది పేర్లలో ఒకటి గనుల కంపెనీ. "సారా లేదు, సిగరెట్టు లేదు, ఇంకేం పాపం బావా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మన క్యాథలిక్కులకు పాపం సీసా దగ్గర మొదలై బీడీ దగ్గర అయిపోతుంది. ఉండేదేమో నియమగిరి కొండల నీడలో. చాటికోన బుధవారం సంతలో ఆ కొండల మీది డొంగ్రియా గిరిజన ఆడవాళ్ల దగ్గర అనాసపళ్లు, పసుపు గీచి గీచి బేరమాడి కొంటాం. రేపు అలాంటి కొండనే నా డబ్బు తవ్విస్తే, కానుక డబ్బాలో నేను వేసే యాభై నోటు ఏ మూలకు?

2010లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ఈ నియమగిరి విషయంలోనే, ఇక్కడ బాక్సైట్ తవ్వాలని చూసిన వేదాంత కంపెనీ షేర్లు అమ్మేసింది. వాళ్లు మన సభవాళ్లు కారు, అయినా ఆ పాటి రోషం చూపించారు. కాకపోతే కొండ నిలిచింది ఆ అమ్మకం వల్ల కాదు. సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలితే, పన్నెండు ఊళ్ల సభలూ తవ్వకం వద్దన్నాయి. మనం అమ్మిన షేరును ఇంకొకడు కొంటాడు. చేతులు కడుక్కోవడం ఏసును సిలువకు అప్పగించిన పిలాతుకూ వచ్చు.

అమెరికాలో డొమినికన్ సిస్టర్ ప్యాట్రిషియా డేలీ షేర్లు అమ్ముకుని పోలేదు. 1998లో జనరల్ ఎలక్ట్రిక్ వాటాదారుల సమావేశంలో లేచి, హడ్సన్ నదిలో కలిసిన పీసీబీ అనే విష రసాయనాల గురించి కంపెనీ అధిపతి జాక్ వెల్ష్‌నే నిలదీశారు. అక్కడి బిషప్పులు 2003లో రాసుకుని 2021లో సవరించిన పెట్టుబడి నియమాలూ ఇదే చెబుతాయి: చెడ్డ కంపెనీలకు దూరంగా ఉంటే చాలదు, వాటాదారుగా కంపెనీతో మాట్లాడాలి కూడా.

మన దగ్గర అంత సులువు కాదులెండి. సొంతంగా తీర్మానం పెట్టించాలంటే ఓటు హక్కున్న మూలధనంలో పదో వంతు చేతిలో ఉండాలి. మన విచారణ (పారిష్) మొత్తం అమ్ముకున్నా రాదు. కానీ ఒక్క షేరున్నా ఓటు ఉంటుంది, ఏజీఎంలో, అంటే ఏటా జరిగే వాటాదారుల సమావేశంలో, ప్రశ్న అడగొచ్చు. మన తరఫున ఫండ్ కంపెనీ ఏ తీర్మానానికి ఎటు ఓటేసిందో వాళ్ల వెబ్‌సైట్‌లో పెట్టాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. మా బావమరిది ఇన్నేళ్లలో ఆ పేజీ ఒక్కసారి కూడా తెరవలేదట. నేనూ తెరవలేదు, ఒప్పుకుంటున్నాను.

గుడి కట్టడానికి చేర్చిన డబ్బు ఎక్కడుందో కూడా వచ్చే కమిటీ మీటింగులో అడుగుతాను. ఫాదర్ గారు చిరాకు పడతారేమో, పడనివ్వండి.

ఈలోపు ఆ గనుల కంపెనీ షేరు ఒకటి కొంటాను, సెప్టెంబరులోపు ఏజీఎం పెడతారు కదా. ఆ మాట చెబితే మావాడి ముఖం మాడిపోయింది. "ఒక్క షేరుకు నాకేం మిగులుతుంది బావా?" అంటాడు.