ఆ చక్రం దొరక్కూడదు

అమెరికాలో, కెనడాలో కొందరు చిన్న కార్ఖానాదారులు చడీచప్పుడు లేకుండా ఒక ఘోరానికి పాల్పడుతున్నారు. యాభై, అరవై ఏళ్ల నాటి స్నోక్యాట్లకు కొత్త చక్రాలు, ట్రాకును తిప్పే పళ్లచక్రాలు (స్ప్రాకెట్లు), ట్రాక్ బెల్టులు తయారుచేసి, డబ్బు కట్టినవాడికల్లా పార్సిల్ చేసేస్తున్నారు. దీన్ని పత్రికలు పట్టించుకోలేదు. ఐక్యరాజ్యసమితి ఖండించలేదు. చివరికి ఆ బాధ్యత నేనే నెత్తికెత్తుకోవాల్సి వచ్చింది.

స్నోక్యాట్ మన రోడ్ల మీద కనబడేది కాదు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. పైన రేకు డబ్బా లాంటి క్యాబిన్, కింద రెండో నాలుగో వెడల్పాటి ట్రాకులు. మనిషి అడుగేస్తే నడుం లోతు దిగబడే మంచు మీద ఈ బండి పైపైన పోతుంది. బరువంతా ట్రాకుల వెడల్పు మీద పరుచుకోవడమే అందులోని కిటుకు. స్కీ కొండల వాళ్లు, కొండల మీద కరెంటు లైన్లు, టవర్లు చూసుకునేవాళ్లు వీటిని కొన్నేళ్లు వాడి, అరిగాక వదిలించుకున్నారు. వదిలించుకున్నవి ఎటు పోయాయంటే, రిటైరైన మెకానిక్కుల షెడ్లలోకి, రైతుల పశువుల కొట్టాల్లోకి, ఇంకా బుద్ధి రాని కుర్రాళ్ల పెరళ్లలోకి.

అక్కడ అవి సుఖంగా ఉన్నాయి. నా అభ్యంతరం కూడా అదే. సుఖంగా ఉన్న బండిని నడిపించాలని ఎందుకు చూస్తున్నారు?

ఈ బండ్ల విడిభాగాల కొరత ఎలా వచ్చిందో చూస్తే, అంత తేలిగ్గా పాడుచేయాల్సినది కాదని మీకే తెలుస్తుంది. 1920లలో అమెరికాలో జోసెఫ్ ప్యాట్రిక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చలికి ఇంజిన్‌లో నీళ్లు గడ్డకట్టకుండా చూసే ద్రవాన్ని చవగ్గా తయారుచేయబోయాడు. వచ్చింది వేరే. ముక్కు మూసుకుంటే తప్ప దగ్గరికి పోలేని కంపు, సాగే జిగురు. ఆ జిగురే ఒక రకం కృత్రిమ రబ్బరు. దాని మీద థియోకోల్ అనే కంపెనీ లేచింది. ఆ రబ్బరు రాకెట్ల ఘన ఇంధనాన్ని ముద్దగా పట్టి ఉంచడానికి పనికొస్తుందని తర్వాత తేలింది. దాంతో కంపెనీ యూటా రాష్ట్రంలో రాకెట్ మోటార్ల కార్ఖానా పెట్టింది. స్పేస్ షటిల్‌ని పైకి లేపిన బూస్టర్లు వీళ్లవే. చలికి రబ్బరు బిగుసుకుంటే ఏమవుతుందో 1986లో చాలెంజర్ షటిల్ కూలి ఏడుగురు పోయినప్పుడు ప్రపంచమంతా చూసింది. ఆ ఏడుగురి జోలికి ఈ వ్యాసం పోదు.

రాకెట్లు చేస్తూ చేస్తూ, అదే యూటాలో లోగన్ అనే ఊళ్లో ఈ కంపెనీ స్నోక్యాట్లు కూడా తయారుచేసింది. ఇంప్, స్ప్రైట్ లాంటి ముద్దు పేర్లు పెట్టింది. 1978లో ఆ వ్యాపారాన్ని జాన్ డెలోరియన్‌కి అమ్మేసింది. తలుపులు రెక్కల్లా పైకి తెరుచుకునే స్టీలు కారు తెచ్చిన డెలోరియనే ఆయన. కారు కంపెనీ దివాలా తీసింది, 1982లో ఆయన్ని మాదకద్రవ్యాల కేసులో అరెస్టు చేశారు, 1984లో నిర్దోషి అని వదిలేశారు. ఇంత రచ్చ జరుగుతున్నా లోగన్‌లో స్నోక్యాట్లు మాత్రం ఎల్ఎంసీ అన్న కొత్త పేరుతో కిక్కురుమనకుండా తయారవుతూనే ఉన్నాయి. 2000లో ఆ షెడ్డూ మూతపడింది.

ఇప్పుడు లెక్క చూడండి. రబ్బరు కంపెనీగా పుట్టి, ఆకాశం దాకా వెళ్లొచ్చిన సంస్థ చేసిన బండికి ఇవాళ దొరకనిది ఏమిటి? రబ్బరు ముక్క. మనవాళ్లు ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానందని వెక్కిరిస్తారు. స్వర్గానికి ఎగిరి చూపించి, ఉట్టి దగ్గర చతికిలపడ్డ ఘనత వీళ్లది. ఇలాంటి ఘనతను పార్సిల్ కవర్లో చుట్టి చెరిపేస్తారా?

అసలు చక్రం సంగతికి వద్దాం. ట్రాకు లోపల, నేల వైపు, ఒక్కో పక్కన నాలుగైదు చక్రాలుంటాయి. బండి బరువు మోసేవి ఇవే. ఇంజిన్ బలం స్ప్రాకెట్ పళ్ల ద్వారా ట్రాకుకి అందుతుంది, ట్రాకు పరుచుకున్న దారి మీద ఈ చక్రాలు దొర్లుతాయి. అంటే బండి తన రోడ్డు తనే వేసుకుని, దాని మీద తనే నడిచి, మళ్లీ తనే చుట్టుకుంటుందన్నమాట. మన పంచాయతీరాజ్ ఇంజనీర్లకు ఈ పద్ధతి తెలియకపోవడం ఎంత మంచిదైంది!

చాలా పాత మోడళ్లలో ఈ చక్రాలు ప్రత్యేకమైనవేం కావు. చిన్న పడవలను కారు వెనక లాక్కుపోయే ట్రైలర్లకు ఉండే 8 అంగుళాల చక్రాల లాంటివే. నాకు మొదట షాక్ కొట్టింది ఇక్కడే. ట్రైలర్ టైరు ఏ టైర్ల షాపులోనైనా దొరుకుతుంది కదా, ఇక ఈ అభిరుచికి పుట్టగతులు లేవు అనుకున్నాను. అదృష్టవశాత్తూ భయపడినంత జరగలేదు. టైరు మీద అచ్చువేసిన సైజు ఒకటే అయినా, ఒక కంపెనీ టైరు పొట్ట ఒక వేలు లావుగా ఉంటుంది. ట్రాకు మీద ఉండే ఇనప గైడ్ల మధ్యలో ఈ టైరు ఇరుగ్గా నడవాలి. పొట్ట లావైతే గైడు దాన్ని చెక్కుతుంది. మలుపు తిప్పిన ప్రతిసారీ చెక్కుతుంది. గాలి పోతే ట్రాకు వదులవుతుంది, వదులైన ట్రాకు చక్రాల మీంచి ఊడి పక్కకు పడుతుంది. అది సాధారణంగా ఎక్కడ పడుతుందో చెప్పనక్కర్లేదు: ఫోన్ సిగ్నల్ లేని కొండవాలు మీద.

గాలి పోకూడదని కొందరు టైరులో ఫోమ్ నింపిస్తారు. ఫోమ్ గట్టిపడ్డాక ఇక పంక్చర్ అన్న మాటే ఉండదు. కానీ ఆ టైరు అరిగినప్పుడు రిమ్ము మీంచి ఊడదీయడానికి మామూలు లివర్లు చాలవు. రంపంతో కోయాలి. లోపల దారాల్లా తీగెలు, వాటి కింద రాయిలాంటి పసుపు పచ్చని ముద్ద. కోసి కోసి చివరికి రిమ్ము చేతికొచ్చేసరికి దానికి తుప్పు, సొట్ట, రంపం గాటు మూడూ ఉంటాయి. టైరు కోసం మొదలైన పని ఇలా రిమ్ము కోసం వెతుకులాటగా ఎదుగుతుంది. ఈ ఎదుగుదలనే నేను కాపాడాలంటున్నాను.

కొలరాడోలో ఉద్యోగం చేసే మా బావమరిది పక్కింటాయనతో సగం సగం వేసుకుని ఒక పాత స్నోక్యాట్ కొన్నాడు. కొన్నప్పుడు మాకు వీడియో కాల్‌లో చూపించాడు. అందులో బండి కనబడలేదు, మీద టార్పాలిన్ కనబడింది. అప్పట్నుంచి అతను ఫోన్ చేస్తే పిల్లల చదువులు, ఇంటి లోను, వీసాల టెన్షన్ ఏవీ మాట్లాడడు. "బావా, రిమ్ము దొరికింది. కానీ ఐదు బోల్టులది. మన హబ్బు నాలుగు" అంటాడు. ఆ "మన" అన్న మాటతో ఆ బండిలో నాకూ వాటా వచ్చేసింది. మా చెల్లెమ్మ గొంతు వెనకనుంచి వినబడుతుంది, "అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి" అని. నేనేం చెప్పను? అతనికి ఆ నాలుగు బోల్టుల రిమ్ము గనక దొరికిపోతే శనివారాలు ఏంచేస్తాడు? ఇంట్లోనే ఉంటాడు. ఆ ప్రమాదం ఆవిడ ఊహకు ఇంకా రాలేదు.

ఇక్కడ చాలామంది తెలుగువాళ్లకు ఒక దుర్బుద్ధి పుడుతుంది. "ఇంతోటి దానికి అంత గోలా? విజయవాడ ఆటోనగర్‌కి పట్టుకెళ్తే లేత్ మీద పెట్టి సాయంత్రానికి చేతిలో పెడతారు" అని. నా భయమల్లా అదే. ఆటోనగర్ మేస్త్రీలకు చేతులు జోడించి మనవి చేస్తున్నాను: ఎవరైనా అమెరికా నుంచి పాత రిమ్ము పట్టుకొస్తే, "సాయంత్రం రండి" అని దయచేసి అనకండి. "నట్టు దొరకట్లేదు సార్, వచ్చే సంక్రాంతికి కనుక్కోండి" అనండి. ఆ మాట మీకు రానిదేం కాదు.

ఈ పాపం ఒక్క అమెరికాదే అనుకోవద్దు. కెనడాలో కెబెక్ రాష్ట్రంలోని వాల్కూర్‌లో జోసెఫ్-అర్మాండ్ బాంబార్డియే అనే మెకానిక్‌కి 1937లో పేటెంట్ వచ్చింది కూడా రబ్బరు తొడిగిన స్ప్రాకెట్ చక్రానికీ దాంతో తిరిగే ట్రాకుకే. మంచుకు దారి మూసుకుపోయి రెండేళ్ల కొడుకును ఆసుపత్రికి చేర్చలేక పోగొట్టుకున్న తండ్రి ఆయన. అందుకని ఆయన బండ్లను ఎగతాళి చేయబుద్ధి కాదు. కిటికీలు ఓడ కిటికీల్లా గుండ్రంగా ఉండే, పన్నెండుమంది పట్టే బీ12 బండ్లలో ఇప్పటికీ కెనడాలోని విన్నిపెగ్ సరస్సు మీద జాలర్లు గడ్డకట్టిన నీళ్లు దాటి వలలు వేస్తున్నారు. వాళ్లకు చక్రం కావాలి. నిజంగా కావాలి, ఈ వారంలోనే కావాలి. వాళ్లకు పంపండి, నేనేమీ అనను. చక్రం కొన్నాక దానితో చేపలు పట్టేవాడు అసలు మన చర్చ పరిధిలోకే రాడు.

చెడ్డ ఉదాహరణ ఇంకొకటుంది. ఆరెగాన్ రాష్ట్రంలో మెడ్‌ఫర్డ్‌లో టక్కర్ కంపెనీ. దీని పాత బండ్లకు నాలుగు ట్రాకులు, నాలుగూ ఇరుసులతో పాటు మలుపు తిరుగుతాయి. 1957-58లో బ్రిటిష్ అన్వేషకుడు వివియన్ ఫుక్స్ బృందం ఇలాంటి నాలుగు టక్కర్లతో అంటార్కిటికాని ఈ చివరి నుంచి ఆ చివరికి దాటింది. 99 రోజులు, దాదాపు 3,470 కిలోమీటర్లు. దారిలో ఒక బండి మంచు పగులు మీద వంతెనలా వేలాడిన ఫొటో చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. వాళ్లతో బయల్దేరిన వేరే కంపెనీల బండ్లను దారిలో వదిలేశారు గానీ టక్కర్లు నాలుగూ గమ్యం చేరాయి. (వీళ్లకంటే రెండు వారాల ముందే ఎడ్మండ్ హిల్లరీ అటువైపు నుంచి మామూలు వ్యవసాయ ట్రాక్టర్లకు ట్రాకులు తగిలించుకుని దక్షిణ ధ్రువం చేరిపోయాడు. రైతులు ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోవాలి.) అయితే ఈ కంపెనీ చేసిన తప్పేమిటంటే, ఇంకా బతికే ఉండటం. మెడ్‌ఫర్డ్‌లో ఇప్పటికీ స్నోక్యాట్లు చేస్తోంది. పాత టక్కర్ కొన్నవాడు ఫోనెత్తితే అవతల మనిషి పలుకుతాడు. ఇంత నిస్సారమైన బతుకు పగవాడికి కూడా వద్దు.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు వీజిల్. రెండో ప్రపంచ యుద్ధంలో నార్వే మంచులో దిగడానికని స్టూడిబేకర్ కార్ల కంపెనీ చేసిన ఎం29 బండి. పదిహేను వేల దాకా చేశారు, కానీ నార్వేలో అనుకున్న ఆ దాడి జరగనే లేదు. స్టూడిబేకర్ 1966లో కార్లు చేయడమే మానేసింది. ఎనభై ఏళ్ల రబ్బరు ట్రాకులు, అసలు పని ఎగిరిపోయిన బండి, కనబడని కంపెనీ. అభిరుచి అంటే ఇదీ! వీజిల్ యజమానుల ముందు థియోకోల్ వాళ్లు ఒకటో తరగతి పిల్లలు.

ఇన్ని చెప్పినా వినని, యురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో పనిచేసే కార్ఖానాదారులున్నారని నాకు తెలుసు. పాత స్ప్రాకెట్‌ని అచ్చుకు పెట్టి, యురేథేన్ పోసి, పాతదానికంటే గట్టిదాన్ని దింపుతున్నారు. బేరింగులు, సీళ్లు నంబరు చెబితే మర్నాడు పంపే షాపులున్నాయి. వాళ్లను ఆపే చట్టం లేదు, ఉన్నా స్నోక్యాట్ యజమానులే కోర్టుకెళ్లి కొట్టేయిస్తారు. తమ మేలు తమకు తెలియనివాళ్లు. కాబట్టి రాజీకి వస్తున్నాను. చేయండి, అమ్మండి. రబ్బరు మంచిది వాడండి, రిమ్ము వంకర లేకుండా తిప్పండి, ధర కూడా న్యాయంగానే పెట్టండి. ఒక్క రిమ్ముకి మాత్రం, వీలైతే ఎడమవైపు చివరి దానికి, బోల్టు రంధ్రం ఒకటి ఎక్కువ వేయండి.