పేరు, ఊరు అడగకుండా వినగలమా?

టీటీడీ 'డయల్ యువర్ ఈవో' కార్యక్రమం తిరుపతివాళ్లకు కొత్తేమీ కాదు. భక్తుడు ఫోన్ చేస్తాడు. ముందు పేరు, ఊరు చెప్తాడు, తర్వాత సంగతి చెప్తాడు. క్యూలైన్లో పిల్లలకు పాలు అందలేదనో, గది కోసం గంటలకొద్దీ కాచుకున్నామనో. అవతల ఈవో వింటారు, సమాధానం ఇస్తారు. ఫిర్యాదు అనగానే మన బుర్రలో మెదిలే బొమ్మ ఇదే. చెప్పేవాడికి ఒక పేరుంటుంది, దాన్ని నలుగురి ముందు చెప్పుకోవడానికి వాడికి భయం ఉండదు.

మరి ఆ భయం ఉన్నవాళ్ల అభిప్రాయం ఎలా తీసుకోవాలి? నేను ట్రావెల్స్ పని చేస్తాను. తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, పలమనేరు నుంచి పన్నెండు మంది గే మగవాళ్లు కలిసి ఓడ ప్రయాణం పెట్టుకుంటే టికెట్లు నా చేతి మీదుగానే వెళ్లాయి. ఆ తర్వాత వాళ్లు తమ బృందాన్ని మెరుగుపరుచుకోవాలని పడిన తంటాలు చూశాకే ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది.

"ఓడే ఎందుకప్పా, కొడైకెనాల్ పోవచ్చు గదా?" అని మొదట్లో అడిగాను. ఒకతను లాడ్జీల సంగతి ఎత్తాడు. మన ఊరి లాడ్జీల్లో ఒంటరిగా వచ్చిన మగవాడికి గది ఇవ్వాలంటే జంకుతారు, లోపల ఏ అఘాయిత్యం చేసుకుంటాడోనని. పెళ్లి కాని జంటను సవాలక్ష ప్రశ్నలు అడుగుతారు. ఇద్దరు మగవాళ్లు వస్తే మాత్రం ఆధార్ కార్డులు తీసుకుని తాళం చేతిలో పెడతారు. పైకి ఇది సౌకర్యంలాగే ఉంటుంది. తలుపు తీసుకుని బయటికొచ్చాక వాళ్లు మళ్లీ ఫ్రెండ్సే, కజిన్సే. పైగా తిరుపతిలో ఉండేవాడికి దాక్కునే చోటెక్కడ? ప్రపంచంలో ఏ మూలనున్న చుట్టమైనా ఎప్పుడో ఒకప్పుడు కొండకు రావాల్సిందే. కొడైకెనాల్లోనూ ఎవరో ఒకరు తగులుతారు. ఒడ్డు దాటిన ఓడలో ఆ మూడు రోజులు తెలిసిన ముఖం ఎదురుపడదు. అతను చెప్పింది ఇదే.

అమెరికాలో ఈ ప్రయాణాలు పుట్టిందీ ఇలాంటి అవసరంలోంచే. మామూలు ఓడల్లో రోజూ కేబిన్లకు పంచే కార్యక్రమాల కాగితంలో 'ఫ్రెండ్స్ ఆఫ్ డొరొతీ' సమావేశం అని ఒక లైను ఉండేది. గే ప్రయాణికులు కలుసుకోవడానికి అదొక గుర్తు. తెలియనివాళ్లు ఎవరో డొరొతీ గారి బంధువర్గం అనుకుని పక్కకు పోయేవాళ్లేమో. 1986లో ఆర్ఎస్‌వీపీ అనే సంస్థ గే ప్రయాణికుల కోసమే ఓడ నడిపింది. పాటల రికార్డుల కంపెనీగా మొదలైన ఒలీవియా 1990లో లెస్బియన్ మహిళల కోసం ఓడ తీసుకుంది. మరుసటి ఏడాది అట్లాంటిస్ వచ్చింది. 2004లో పిల్లాపాపలున్న గే కుటుంబాల కోసం ఆర్ ఫ్యామిలీ వచ్చింది. ఈ వరుస చూస్తే నాకొకటి అనిపిస్తుంది. ప్రతి కొత్త ఓడా అప్పటికే ఉన్న ఓడలో తనకు చోటు లేదనుకున్నవాడి కోసమే బయల్దేరింది. ఎక్కినవాళ్ల చప్పట్లు మాత్రమే లెక్కపెట్టుకుని ఉంటే ఇన్ని రకాలు వచ్చేవి కావు.

మనవాళ్ల దగ్గరికి వస్తాను. 2022 జూన్‌లో చెన్నై రేవు నుంచి దేశీయ క్రూయిజ్ మొదలయ్యాక ఓడ మనకు దగ్గరైంది. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా మూడు, నాలుగు గంటల్లో చెన్నై. పాస్‌పోర్ట్ కూడా అక్కర్లేదు. ఈ పన్నెండు మంది మొదటి ట్రిప్ అలాగే వెళ్లొచ్చారు. వచ్చాక, ఎలా ఉందో ఒక్క మాట రాయండని నిర్వాహకుడు అడిగాడు. పదకొండు మంది 'సూపర్' అన్నారు, ఒకరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. "బాగా జరిగిందన్నా" అని అతను సంబరపడ్డాడు, నేనూ సంబరపడ్డాను. మనకు అభిప్రాయం అంటే మార్కులు వేయడం. పెళ్లి భోజనం చేసి చెయ్యి కడుక్కుంటున్నవాడిని "వంటలు ఎట్లుండాయి?" అని అడిగితే పులుసులో ఉప్పెక్కువైందని ఎవడైనా చెప్తాడా?

రెండో ట్రిప్ అనేసరికి అయిదుగురు 'ఆఫీసులో లీవు లేదు' అన్నారు. అయిదుగురికీ ఒకేసారి లీవు దొరక్కపోవడమేంటని అప్పుడు అనుమానమొచ్చింది.

బిస్కెట్ డబ్బాకు కన్నం పెట్టి చీటీలు వేయమన్నారు. చేతిరాత గుర్తుపడతారని ఖాళీ చీటీలు పడ్డాయి. చివరికి ఆ పని నా మీద పడింది. వాళ్ల ఆధార్ కాపీలు ఎలాగూ నా దగ్గరే ఉన్నాయి, నా ముందు దాచడానికి ఏమీ మిగల్లేదు. ఎవరికి వాళ్లు నాకు ఫోన్ చేస్తారు, ఎవరు చెప్పారో నేను బయటపెట్టను, ఏం చెప్పారో మాత్రం చెప్తాను. ప్రశ్న కూడా మార్చాం. ఎలా ఉంది అని అడగడం మానేసి, 'ఎప్పుడు భయమేసింది?' అని అడిగాం.

అప్పుడు కురిసింది. ఓడ ఎక్కేటప్పుడు కంపెనీ ఫొటోగ్రాఫర్ అందరినీ ఫొటోలు తీస్తాడు, కొనుక్కుంటారని వాటిని గ్యాలరీలో గోడ నిండా పెడతాడు. ఇద్దరు భుజాల మీద చేతులు వేసుకున్న ఫొటో మూడు రోజులు ఆ గోడ మీదే ఉంది. ఒకతను రోజుకు నాలుగుసార్లు వెళ్లి దాని ముందు ఎవరు నిలబడ్డారోనని చూసొచ్చాడట. ఇంకొకరి ఇబ్బంది డబ్బు. ఓడ టికెట్ ధర ఇద్దరు పంచుకునే లెక్కన ఉంటుంది, ఒంటరిగా కేబిన్ తీసుకుంటే దాదాపు రెండింతలు కట్టాలి. ఆ భారం తప్పించడానికి ముఖపరిచయం కూడా లేని ఇద్దరిని నిర్వాహకుడు ఒకే కేబిన్లో పెట్టాడు. 'మనం మనమే కదా' అన్న ధీమాతో. ఆ ఇద్దరిలో ఒకడికి రెండు రాత్రులూ నిద్ర లేదు. మరొకరి బ్యాంకు ఖాతాకు వాళ్ల నాన్న నంబరు ఉంది. డబ్బు కట్టిన మెసేజ్ నేరుగా ఆయన ఫోనుకు వెళ్లింది.

నా తప్పు కూడా ఒకటి బయటపడింది. లగేజీకి తగిలించమని నేను గే వాళ్ల గుర్తైన ఇంద్రధనుస్సు రంగుల ట్యాగులు చేయించి ఇచ్చాను. బాగున్నాయని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా. తిరుగు ప్రయాణంలో తిరుత్తణి దాటకముందే తొమ్మిది మంది వాటిని పీకి కిటికీలోంచి పారేశారట. నా ముఖం మీద చెప్పడానికి ఒక్కరికీ నోరు రాలేదు.

వీటిలో చాలా వరకు సరిచేయడం తేలికే. ఫొటోగ్రాఫర్‌కు ముందే వద్దని చెప్పడం. గదిలో ఎవరితో ఉండాలో ఎవరికి వాళ్లే చెప్పుకోవడం. బ్యాంకు గొడవ లేకుండా నెలనెలా చేతికి ఇచ్చే చీటీ కట్టడం. చిత్తూరువాళ్లకు చీటీల గురించి ఎవరూ నేర్పక్కర్లేదు. ఏం మార్చారో నిర్వాహకుడు అందరికీ తిరిగి చెప్పాడు. నా దృష్టిలో అదే పెద్ద పని. చెప్పిన మాట ఎటు పోయిందో తెలియకపోతే మనిషి రెండోసారి నోరు విప్పడు.

చిక్కంతా ఇంకో రకం ఫిర్యాదుతో వచ్చింది. నలుగురు విడివిడిగా ఫోన్ చేసి దాదాపు ఒకే మాట అన్నారు: ఫలానా ఇద్దరిని ఇంక పిలవొద్దు. వాళ్లు ఓడలో రాత్రి చీర కట్టుకున్నారు, కాటుక పెట్టుకున్నారు, వాళ్ల నడక చూస్తే మేమూ 'తేడా' అని జనం కనిపెట్టేస్తారు. పన్నెండు మందిలో నలుగురంటే మూడో వంతు. సభ్యుల మాట వినడమే ముఖ్యమైతే దీన్నీ వినాలి కదా?

వినాలి, అమలు చేయకూడదు. నిర్వాహకుడు అదే చేశాడు, నేను అతనివైపే. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఇదే ఊరి మగవాళ్లు మొక్కు తీర్చుకోవడానికి చీరలు కట్టి వీధుల్లో తిరుగుతారు, జనం దణ్ణం పెడతారు. అది మొక్కు, దీనితో కలిపి చూడమని నేననను. కాకపోతే చీర కట్టిన మగవాడిని చూసి తిరుపతి కళ్లు తిరిగి పడిపోదని మాత్రం గుర్తుచేస్తున్నాను. ఆ నలుగురిది వట్టి ద్వేషం కాదు, భయం. భయాన్ని తీర్చే దారులు వేరే ఉన్నాయి: ఫొటోలు తీయకపోవడం, భోజనాల బల్లలు వేరుగా వేయించడం. తోటివాడిని దించేసి ఆ బరువు తగ్గించుకుంటే, రేపు చీర లేకపోయినా నడక బాగాలేదని ఇంకొకరిని దించుతారు.

ఇప్పుడు మూడో ట్రిప్ సింగపూర్ నుంచి అనుకుంటున్నారు. మలేసియాలోని పెనాంగ్, థాయిలాండ్‌లోని ఫుకెట్ చూపించి తిరిగొచ్చే నాలుగైదు రాత్రుల ఓడ. ఇక్కడ ఇష్టాయిష్టాలు చాలవు, చట్టం తెలిసుండాలి. మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరం చేసిన సెక్షన్ 377ను మనకు బ్రిటిష్‌వాళ్లు అంటగట్టిపోయారు, పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న ఆ సెక్షన్ నుంచి బయటపడేసింది. సింగపూర్ పార్లమెంటు తన 377ఏను 2022లో రద్దు చేసింది. మలేసియాలో మాత్రం ఆ తోబుట్టువు ఇంకా బతికే ఉంది. ఇరవై ఏళ్ల వరకు జైలు, పైగా కొరడా దెబ్బలు. అక్కణ్నుంచి ఓడ ఫుకెట్ చేరితే, థాయిలాండ్‌లో 2025 జనవరి నుంచి ఇద్దరు మగవాళ్ల పెళ్లికి చట్టం ఉంది.

ఇది వట్టి కాగితాల భయం కాదు. 1998లో కరీబియన్ సముద్రంలోని కేమన్ దీవులు గే ప్రయాణికుల ఓడను రావొద్దన్నాయి. 2012లో అక్కడిదే మరో దీవి డొమినికాలో అలాంటి ఓడలో ఉన్న ఇద్దరు అమెరికన్లను పోలీసులు పట్టుకెళ్లారు. అదే డొమినికాలో 2024 ఏప్రిల్‌లో హైకోర్టు స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే చట్టాన్ని కొట్టేసింది. రేవులు మారుతుంటాయి, జాబితాను ప్రతిసారీ కొత్తగా చూసుకోవాల్సిందే. మాల్టా జెండా ఉన్న సెలబ్రిటీ ఈక్వినాక్స్ ఓడ మీద 2018లో ఇద్దరు మగవాళ్లకు చట్టబద్ధంగా పెళ్లి జరిగిందని మాటల్లో చెప్పాను. "ఆ సర్టిఫికెట్ చిత్తూరు రిజిస్ట్రార్ ఆఫీసులో చెల్లుతుందాన్నా?" అని ఒకతను అడిగాడు. ఇలాంటి పెళ్లికి చట్టబద్ధ గుర్తింపు ఇవ్వలేమన్న సుప్రీంకోర్టు 2023 అక్టోబరు తీర్పు సంగతి చెప్పాను. అతను ఇంకేమీ అడగలేదు.

పెనాంగ్‌లో దిగాలా వద్దా అని పాత పద్ధతిలోనే ఫోన్లు తీసుకున్నాం. ఏడుగురు దిగుతామన్నారు, నలుగురు ఓడలోనే ఉంటామన్నారు. పన్నెండో అతను రాత్రి పదకొండు దాటాక చేశాడు. "నేను దిగను. కానీ ఎవరు దిగలేదని ఆరోజు లెక్క తీయొద్దని చెప్పండన్నా" అన్నాడు. ఒడ్డు చూసొచ్చేవాళ్లంతా ఒకేసారి గుంపుగా దిగాలన్న ప్లాన్‌ను నిర్వాహకుడు పక్కన పెట్టాడు. ఎవరి ఇష్టం వాళ్లది, సాయంత్రం భోజనం దగ్గర కలుద్దాం అని మాత్రం చెప్పాడు. చీటీ రెండో వాయిదా వచ్చే ఆదివారం.