తెలిసినంత మాత్రాన ముట్టినట్టు కాదు

విదేశంలో ఉన్న ప్రతివాదికి సమన్లు ముట్టడానికి నెలలు పడుతోందని, ఒక్కోసారి ఏళ్లు కూడా పడుతోందని కొందరు వాదులు వాపోతుంటారు. వాళ్ల తొందర చూస్తే జాలేస్తుంది. దావా సంగతి పత్రికల్లో వచ్చింది, టీవీల్లో వచ్చింది, ప్రతివాది కంపెనీయే ఒక ప్రకటన ఇచ్చి ఆరోపణలన్నీ నిరాధారమని కొట్టిపారేసింది, ఇంకా తెలియకపోవడమేమిటని వాళ్ల ప్రశ్న. న్యాయశాస్త్రంలో ఓనమాలు దిద్దనివాళ్లు అడిగే ప్రశ్న ఇది. సరైన కాగితం, సరైన దేశంలో, సరైన అధికారి చేతి మీదుగా ముట్టేదాకా చట్టం కళ్లకు ప్రతివాది అమాయకుడైన పసిపాప. కాకపోతే తన మీద వచ్చిన ఆరోపణల్ని పాయింటు పాయింటుగా ఖండించిన పసిపాప.

ముందుగా దేశాల మనసు అర్థం చేసుకోవాలి. సమన్లంటే వట్టి కాగితం కాదు, ఒక రాజ్యం జారీ చేసిన ఆజ్ఞ. దాన్ని ఎవరో సంచిలో వేసుకొచ్చి పరాయి గడ్డ మీద చేతిలో పెట్టి పోతే ఆ గడ్డ పరువేం కావాలి? ఈ విషయంలో స్విట్జర్లాండ్‌ది మహా సున్నితమైన మనసు. అక్కడి శిక్షాస్మృతి 271వ నిబంధన ప్రకారం, అనుమతి లేకుండా పరాయి రాజ్యం తరఫున అధికారిక పని చేస్తే మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా. సమన్లు అందించడం కూడా వాళ్ల దృష్టిలో అధికారిక పనే. కాబట్టి జ్యూరిక్‌లో ఎవరి తలుపైనా కొట్టి కవరు ఇచ్చిన మనిషి అక్కడికక్కడే ముద్దాయి కావచ్చు. అసలు ప్రతివాది కిటికీ పక్కన నిలబడి ఆ వేడుక చూడొచ్చు.

ఇలాంటి అప్రతిష్ఠలు జరగకూడదనే 1965 నవంబరు 15న హేగ్‌లో ఒక ఒడంబడిక రాసుకున్నారు. ఇప్పుడు 80కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. పరాయి దేశాల సమన్లు పుచ్చుకుని తమ గడ్డ మీద ముట్టించడానికి ప్రతి దేశమూ సెంట్రల్ అథారిటీ అని ఒకదాన్ని పెట్టుకుంటుంది. వాది పక్షం నమూనా ఫారం నింపాలి, పత్రాలన్నీ రెండేసి ప్రతులు జతచేయాలి, అవతలి దేశం తన భాషలో కావాలంటే కట్టలకు కట్టలు అనువాదం చేయించాలి. ఆ అథారిటీ తన పద్ధతిలో, తన తీరికలో పని పూర్తి చేసి సర్టిఫికెట్ పంపుతుంది. ఏ తేదీన, ఎక్కడ, ఎవరి చేతికి ముట్టిందో అందులో ఉంటుంది. ముట్టకపోతే ఎందుకు ముట్టలేదో రాయడానికీ అందులోనే చోటుంది. ముందుచూపున్న ఫారం.

పోస్టులో పంపితే పోదా అంటారు. 10వ అధికరణం అందుకు వీలిస్తుంది, ఆ దేశానికి అభ్యంతరం లేకపోతే. చైనాకు, స్విట్జర్లాండ్‌కు, భారత్‌కు అభ్యంతరం ఉంది. అదే పోస్ట్‌మ్యాన్ అదే ఇంటికి విదేశం నుంచి వచ్చిన పుట్టినరోజు కార్డు తెచ్చి ఇవ్వొచ్చు, కోపంతో రాసిన ఉత్తరమూ తెచ్చి ఇవ్వొచ్చు. సార్వభౌమత్వం చెక్కుచెదరదు. సమన్లు తెస్తే మాత్రం బీటలు వారుతుంది.

ఒడంబడిక మొత్తంలో నాకు ముచ్చటేసేది 5వ అధికరణంలోని ఒక ఏర్పాటు. స్వచ్ఛందంగా పుచ్చుకునే ప్రతివాదికి కాగితాలు మామూలుగా చేతికి ఇచ్చేయొచ్చట. అంటే అధికారి వెళ్లి, "అయ్యా, మీ ఆస్తి మొత్తం లాగేసుకోవాలని పరాయి దేశంలో ఎవరో దావా వేశారు. బలవంతమేమీ లేదు, మనస్ఫూర్తిగా ఇష్టమైతేనే పుచ్చుకోండి" అనాలి. మనిషి మంచితనం మీద ఇంత నమ్మకం పెట్టుకున్న చట్టం మరోటి ఉంటుందనుకోను.

వెక్కిరించినా, దీనికీ ఒక కారణం ఉంది. పూర్వం ఫ్రాన్స్ వంటి కొన్ని దేశాల్లో పరదేశీ ప్రతివాదికి చేరాల్సిన కాగితాన్ని స్థానిక ప్రాసిక్యూటర్ ఆఫీసులో ఇచ్చేస్తే చాలు, ముట్టినట్టే లెక్క. ఆ పెద్దమనిషికి దావా సంగతి చెవిన పడేసరికి తీర్పు వచ్చేసి అప్పీలు గడువు కూడా దాటిపోయే ప్రమాదం ఉండేది. అప్పట్లో తెలియకుండానే ముట్టేది. ఇప్పుడు తెలిసినా ముట్టడం లేదు. ప్రగతి అంటే ఇదే.

ఈ ప్రగతిలో లాయర్ల పాత్ర తక్కువేమీ కాదు. సమన్లు ముట్టలేదన్న మాట కోర్టుకు ఎవరో ఒకరు చెప్పాలి కదా! అందుకని ప్రతివాది లాయరును పెట్టుకుంటాడు. ఆయన దావా అంతా చదివి, తేదీ గుర్తుపెట్టుకుని, సరైన కోర్టుకు సరైన సమయానికి వచ్చి, తన క్లయింటుకు ఈ దావా గురించి పద్ధతి ప్రకారం ఎవరూ చెప్పలేదని వాదిస్తాడు. పిలవని పేరంటానికి వచ్చి, పిలవలేదని చెప్పి వెళ్లడమన్నమాట. 2021లో బ్రిటన్ యువరాజు ఆండ్రూ మీద న్యూయార్క్‌లో వేసిన సివిల్ దావా గుర్తుండే ఉంటుంది. సమన్లు పట్టుకుని విండ్సర్‌లోని ఆయన నివాసానికి వెళ్లిన మనిషికి మొదటి రోజు గేటు దగ్గరే చుక్కెదురైంది. మర్నాడు, ఆగస్టు 27న, కాగితాలు గేటు దగ్గరి పోలీసుకు ఇచ్చి వచ్చాడు. పోలీసుకు ఇస్తే యువరాజుకు ఇచ్చినట్టు ఎలా అవుతుందని లాయరు న్యూయార్క్ కోర్టులో అడిగాడు. అయితే అమెరికాలో ఉన్న నీకే ఇచ్చేయమంటామని జడ్జి దారి చూపించాక, అందాయని ఒప్పుకోక తప్పలేదు.

చిరునామా దగ్గర పట్టింపు ఎంతదాకా వెళ్తుందో చూడాలంటే సుడాన్ కేసు చదవాలి. 2000 అక్టోబరులో యెమెన్‌లోని ఏడెన్ రేవులో అమెరికా యుద్ధనౌక కోల్ మీద ఆత్మాహుతి దాడి జరిగి 17 మంది నావికులు చనిపోయారు. దాడి చేసిన అల్‌ఖైదాకు అండగా నిలిచిందంటూ గాయపడ్డ నావికులు, కుటుంబ సభ్యులు 2010లో సుడాన్ మీద దావా వేశారు. కోర్టు క్లర్కు సుడాన్ విదేశాంగ మంత్రి పేరు కవరు మీద రాసి వాషింగ్టన్‌లోని సుడాన్ ఎంబసీకి పంపాడు. సంతకంతో రసీదు వెనక్కి వచ్చింది. సుడాన్ మాత్రం రాలేదు. 2012లో 31 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఎక్స్‌పార్టీ తీర్పు, అంటే ప్రతివాది రాకుండానే ఇచ్చే తీర్పు, వచ్చింది. డబ్బు వసూలుకు దిగేసరికి సుడాన్ నిద్ర లేచింది. మంత్రిగారు ఖార్టూమ్‌లో ఉంటారు, ఎంబసీలో కాదు కదా అంది. 2019 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు 8-1తో అవును, కవరు మంత్రిగారి ఆఫీసుకే వెళ్లాలి అని తేల్చింది. ఇంకో విశేషం, ఈ వాదనలో అమెరికా ప్రభుత్వం నిలబడింది తన నావికుల వైపు కాదు, సుడాన్ వైపు. విదేశాల్లోని తన ఎంబసీలకు ఇలాంటి కవర్లు వస్తే తనూ పుచ్చుకోదు మరి. యుద్ధనౌక కంటే కవరు మీది చిరునామా బరువైనదని అప్పుడు తెలిసింది.

రష్యా, అమెరికాల మధ్య పేచీకి ఇంత బరువు కూడా అక్కర్లేకపోయింది. విదేశాల నుంచి వచ్చే సమన్లను అందించే పనిని అమెరికా ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించి వంద డాలర్ల లోపు ఫీజు పెట్టింది. ఒడంబడిక ప్రకారం అలా వసూలు చేయకూడదని రష్యా అలిగింది. 2003 జులైలో సివిల్, వ్యాపార కేసుల్లో అమెరికాతో సహకారమే ఆపేసింది. రెండు అణ్వస్త్ర రాజ్యాలు వంద డాలర్లు కూడా లేని ఫీజు దగ్గర బిగుసుకుపోయాయి.

అలాగని మార్గమే లేదనుకోవద్దు. అమెరికా నియమాల్లో ఒక తాయిలం ఉంది. సమన్లు పద్ధతి ప్రకారం ముట్టాలన్న పట్టును విదేశంలోని ప్రతివాది తనంతట తానే వదులుకుంటే, జవాబివ్వడానికి 21 రోజులకు బదులు 90 రోజుల గడువిస్తారు. తెలివైన ప్రతివాదులు ఈ 90 రోజుల్ని, పేచీ పెడితే కలిసొచ్చే నెలలతో పక్కపక్కన పెట్టి లెక్క వేసుకుంటారు. లెక్కలో ఏది గెలుస్తుందో చెప్పనక్కర్లేదు.

మెరుపు వేగంతో సమన్లు ముట్టించుకునే యోగం మాత్రం ఒక్కరికే ఉంది. ఎవరో తెలియనివాడికి. ప్రతివాది చిరునామా తెలియకపోతే హేగ్ ఒడంబడిక వర్తించదని మొదటి అధికరణమే చెబుతోంది. 2022లో ఒక క్రిప్టో ఎక్స్ఛేంజీ నుంచి దాదాపు 80 లక్షల డాలర్లు కాజేసిన అజ్ఞాత హ్యాకర్ మీద న్యూయార్క్‌లో దావా పడింది. పేరు తెలియదు, దేశం తెలియదు. కోర్టు అనుమతితో లాయర్లు అతను క్రిప్టో దాచుకునే డిజిటల్ ఖాతా, అంటే వాలెట్‌లోకే ఒక టోకెన్, అంటే ఒక డిజిటల్ బిళ్ల, వదిలారు. అందులో ఒక లింకు, లింకు నొక్కితే దావా కాగితాలు. ఫారం లేదు, రెండో ప్రతి లేదు, అనువాదం లేదు, ఏ దేశానికీ మనసు కష్టపడలేదు. దొంగతనం చేసి పోతూ పోతూ అతను జ్యూరిక్‌లో ఇంటి నంబరు ఒక్కటి రాసిపెట్టి పోయి ఉంటే చాలు, వాదులు ఈపాటికి అనువాదకుడి కోసం వెతుక్కుంటూ ఉండేవాళ్లు.