సవరణ: గ్రాఫీన్‌ఓఎస్‌లో బ్యాంకు యాప్‌ల సంగతి

గ్రాఫీన్‌ఓఎస్‌కి (గూగుల్ యాప్‌లు లేకుండా వచ్చే, భద్రతకు పెద్దపీట వేసే ఆండ్రాయిడ్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) మారడం గురించి నేను రాసిన పోస్టులో "గూగుల్ ప్లే వేసుకుంటే బ్యాంకు యాప్‌లన్నీ నడుస్తాయి" అని ఉంది. దాన్ని "చాలావరకు నడుస్తాయి, కొన్ని మొండికేస్తాయి" అని చదువుకోండి.

గ్రాఫీన్‌ఓఎస్‌లో ప్లే సర్వీసెస్ (చాలా యాప్‌లు ఆధారపడే గూగుల్ సాఫ్ట్‌వేర్) కూడా మామూలు యాప్‌లాగే శాండ్‌బాక్స్‌లో, అంటే తన హద్దుల్లోనే ఉంటుంది, ప్రత్యేక అధికారాలేమీ ఉండవు. నోటిఫికేషన్ల వంటివాటికి అది చాలు. చిక్కంతా ప్లే ఇంటిగ్రిటీ అనే తనిఖీతోనే. ఫోన్‌లో ఉన్నది గూగుల్ ధ్రువీకరించిన ఆండ్రాయిడేనా అని యాప్ ఆరా తీస్తుంది. గ్రాఫీన్‌ఓఎస్ బేసిక్ స్థాయి దాటుతుంది గానీ, డివైస్ స్థాయి దాటదు. ఆ పై స్థాయి కావాలని పట్టుబట్టే యాప్ లాగిన్ దగ్గరే ఆపేస్తుంది. భద్రత తక్కువై కాదు, గూగుల్ ముద్ర లేక. (ఏళ్ల తరబడి అప్‌డేట్ లేని పాత ఫోన్ మాత్రం దర్జాగా పాసైపోవచ్చు. ఇదేం న్యాయమో!) గూగుల్ వాలెట్‌తో ట్యాప్ చేసి డబ్బు కట్టడం కూడా ఇందుకే కుదరదు.

తెరవగానే క్రాష్ అయ్యే యాప్ సంగతి వేరు. దాని సెట్టింగ్స్‌లో ఎక్స్‌ప్లాయిట్ ప్రొటెక్షన్ కంపాటిబిలిటీ మోడ్ ఆన్ చేసి చూడండి, కొన్ని దాంతో దారికొస్తాయి.

అదే పోస్టులో, మారేటప్పుడు "డేటా ఎక్కడికీ పోదు" అన్న మాట కూడా తీసేశాను. గ్రాఫీన్‌ఓఎస్ ఎక్కించడానికి బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ఓఎస్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేస్తే ఫోన్ మొత్తం ఖాళీ అవుతుంది, తిరిగి లాక్ చేసినప్పుడు మళ్లీ ఖాళీ అవుతుంది. ఫోటోలకన్నా ముందు ఆథెంటికేటర్ యాప్ (లాగిన్‌కి కోడ్‌లు ఇచ్చేది) బ్యాకప్ తీసుకోండి. అది పోయి, రికవరీ కోడ్‌లూ లేకపోతే ఖాతాల్లోకి వెళ్లడానికి నానా తంటాలు పడాలి. వేరే ఫోన్ ఉంటే, బ్యాంకు యాప్ ఇందులో తెరుచుకునేదాకా అందులోంచి తీసేయకండి.